39వ ఎత్తు దగ్గర ఏమైందో వాడినే అడగండి

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్ళు. ఏడో ఏట చదరంగం పట్టుకున్నాడు, తొమ్మిదో ఏట తన వయసు పిల్లల పోటీలో మొదటి బహుమతి తెచ్చాడు. అప్పటి నుంచి ఇంట్లో అందరం వాడి ఆట చుట్టూనే తిరుగుతున్నాం. ఏడాదిన్నరలో రేటింగ్, అంటే ఆట బలాన్ని చూపే అంకె, 1812 దాకా వెళ్ళింది. ఈ ఎనిమిది నెలల్లో మాత్రం ఏ టోర్నీకి వెళ్ళినా పడిపోతూనే వచ్చి ఇప్పుడు 1640 దగ్గర ఉంది. రౌండ్ ఉన్న రోజు పొద్దున్నే కడుపులో తిప్పుతోందంటాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు కూడా. ఓడి వచ్చిన రాత్రి ఫోన్‌లో మూడు నిమిషాల ఆటలు ఒకదాని వెంట ఒకటి ఆడుతూనే ఉంటాడు, ఫోన్ తీసేసుకుంటే ఏడుస్తాడు. మావారు బడి మాన్పించి పూర్తిగా ఆటలోనే పెడదాం అంటున్నారు. గుకేశ్‌ని కూడా చిన్నప్పుడే బడి మాన్పించారు, పన్నెండేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, మనకింక ఏడాదే ఉంది అన్నది ఆయన వాదన. కోచ్‌ని మార్చమని ఇంకొందరు చెబుతున్నారు. వీడి ప్రతిభ ఇంతేనేమో అని నాకు లోపల భయంగా ఉంది, ఆ మాట ఇంట్లో పైకి అనలేను. ఖాళీ దొరికితే మాత్రం చెల్లెల్ని కూర్చోబెట్టి పజిల్స్ పెడుతూ ఉంటాడు. ఈ మధ్య ఓడిన రెండు ఆటల స్కోర్‌షీట్లు ఫొటో తీసి పంపుతున్నాను. ఏం చేయమంటారు?
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం కంటే ముందు ఆ రెండు స్కోర్‌షీట్లే చూశాను, ఎందుకంటే పిల్లల గురించి పెద్దవాళ్ళు చెప్పే మాటల కంటే పిల్లలు ఆడుతూ రాసుకున్న కాగితమే నాకు ఎక్కువ చెబుతుంది. చాలా ఏళ్ళుగా పిల్లలకు ఈ ఆట నేర్పుతున్నాను, ఈ ఒక్క విషయంలో నా నమ్మకం మారలేదు.

మీవాడికి ఒక మంచి అలవాటు ఉంది. ప్రతి ఎత్తు పక్కన గడియారంలో ఎన్ని నిమిషాలు మిగిలాయో చిన్న అంకెల్లో రాసుకుంటున్నాడు. ఆ అలవాటు ఎవరు చేశారో గానీ వాళ్ళకు దండం పెట్టాలి, ఎందుకంటే ఈ జవాబు సగం ఆ అంకెల వల్లే రాయగలుగుతున్నాను. తెల్ల పావులతో ఆడిన ఆట చూడండి. 90 నిమిషాల ఆట, ఎత్తుకు 30 సెకన్లు అదనం. ఎదుటి పిల్లవాడి రేటింగ్ 1440. ఇరవై ఎత్తులు అయ్యేసరికి మీవాడు ఒక బంటు ఎక్కువ చేసుకున్నాడు, తొందరపడకుండా ఒక్కొక్క పావూ మార్చుకుంటూ చివరికి ఏనుగులు, కొన్ని బంట్లు మిగిలిన ఆటకి వచ్చాడు. చాలా బాగా ఆడాడు, నిజంగా. 38వ ఎత్తు పక్కన 47 అని రాసి ఉంది. 39వ ఎత్తు, ఏనుగులు మార్చేసిన ఎత్తు, దాని పక్కన కూడా 47 అనే ఉంది. అంటే అదనంగా వచ్చే అర నిమిషంలోనే ఆ ఎత్తు వేసేశాడు. ఏనుగులు పోయాక చూస్తే ఎదుటివాడి రాజు ఒక్క గడి ముందున్నాడు, వరసగా రెండు బంట్లు పట్టుకుపోయాడు, 52వ ఎత్తుకి ఆట అయిపోయింది. మీవాడు ఓడిపోయినప్పుడు కూడా గడియారంలో 44 నిమిషాలు మిగిలే ఉన్నాయి.

ఆ ఫొటో ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. వేళ్ళ మీద నాలుగు ఎత్తులు లెక్కపెడితే తెలిసిపోయే విషయం అది, వీడికి ఆ లెక్క వచ్చని ముందు ఆడిన ముప్ఫై ఎనిమిది ఎత్తులే చెబుతున్నాయి. మరి ఎందుకు లెక్కపెట్టలేదు? నాకు తోచింది చెబుతాను, తప్పైతే వాడే దిద్దుతాడు. గెలుపు దగ్గరికి వచ్చేసింది, వీలైనంత త్వరగా చేతిలో పడిపోతే చాలు, ఈ గదిలోంచి బయటపడితే చాలు అనిపించి ఉంటుంది. ముందుంటే ఆ ఆధిక్యం ఎక్కడ పోతుందోనన్న భయం, వెనకబడితే బయటికెళ్ళి ఏం చెప్పాలోనన్న భయం. అలాంటి పిల్లవాడికి గడియారంలో నలభై ఏడు నిమిషాలున్నా కూర్చోవడం కష్టమే. ప్రతిభ అయిపోయిందేమో అని అడిగారు కదా. అయిపోలేదు. ప్రతిభ లేని పిల్లవాడు ఏనుగుల ఆట దాకా ఒక బంటు ఎక్కువతో అంత శుభ్రంగా రాలేడు. ఆ భయాన్ని ఈ రోజే మనసులోంచి తీసేయండి.

రెండో ఆట వేరే సంగతి చెబుతోంది. నల్ల పావులు, 14 ఎత్తులయ్యేసరికి గడియారంలో 93 నిమిషాలు. మొదలుపెట్టినప్పటి కంటే ఎక్కువ! అంటే ఆ పద్నాలుగు ఎత్తులూ బట్టీ పట్టినవే, బుర్ర వాడాల్సిన పనే పడలేదు. 15వ ఎత్తుకి ఎదుటివాడు వీడి పాఠంలో లేని ఎత్తు వేశాడు, వీడు ఒక్కసారిగా 26 నిమిషాలు ఆలోచించి మంత్రిని తప్పు గడిలో పెట్టాడు, 24వ ఎత్తుకి ఓటమి ఒప్పుకున్నాడు. కోచ్‌ని మార్చాలా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను, ముందు ఆయన్ని కలిసి ఒక్క సంగతి తెలుసుకోండి: వారంలో ఓపెనింగ్‌లకు, అంటే ఆట మొదటి ఎత్తులకు ఎంతసేపు, ఎండ్‌గేమ్‌లకు, అంటే కొన్ని పావులే మిగిలిన చివరి దశకు ఎంతసేపు, వీడు ఓడిన ఆటలు కలిసి చూడటానికి ఎంతసేపు? మూడోదానికి సమాధానం సరిగ్గా రాకపోతే అప్పుడు ఆలోచించండి. వస్తే ఆయన్నే ఉంచుకోండి, ఆ బట్టీ కాస్త తగ్గించమని మాత్రం చెప్పండి. ఇలాంటి సమయంలో పిల్లవాడికి కొత్త మనిషి కంటే తెలిసిన మనిషే మేలు.

ఇక రేటింగ్. ఈ అంకె దగ్గరే ఇంట్లో అందరి రక్తపోటూ పెరుగుతోందని అర్థమవుతోంది కాబట్టి దీన్ని ఒకసారి విప్పి చూద్దాం. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే లెక్కలో పిల్లలకు, అంటే పద్దెనిమిదో పుట్టినరోజు వచ్చే సంవత్సరం చివరి దాకా, రేటింగ్ 2300 లోపు ఉన్నంతకాలం, గుణకం, అంటే ఒక్కో ఆటకి రేటింగ్ ఎంత కదలాలో తేల్చే అంకె, 40. పెద్దవాళ్ళకు మామూలుగా అది 20, ఒకసారి 2400 అందుకున్నవాళ్ళకు 10. 1640 రేటింగ్ ఉన్నవాడు 1440 వాడితో ఆడితే నూటికి 76 వంతులు ఫలితం రావాలని లెక్క ఆశిస్తుంది. గెలిస్తే వీడికి వచ్చేది 9.6 పాయింట్లు. ఓడితే పోయేది 30.4. అలాంటి ఓటములు ఆరు పడితే చాలు, 1812లోంచి 172 పోవడానికి. ఎనిమిది నెలల్లో ఆరు ఆటలమ్మా, అంతే. అదే గుణకం వల్ల ఏడాదిన్నరలో అంత పైకి వెళ్ళాడు కూడా, అప్పుడు మనం దాన్ని ప్రతిభ అన్నాం, ఇప్పుడు కిందికి వస్తే జబ్బు అంటున్నాం. పైగా ఎదుట కూర్చున్న ఆ 1440 పిల్లవాడు కూడా ఎక్కడో రోజుకి మూడు గంటలు సాధన చేస్తున్నవాడే, వాడి అసలు బలం కాగితం మీదికి ఎక్కడానికి ఇంకా నాలుగు టోర్నీలు పడుతుంది. పిల్లల టోర్నీల్లో అంకెలు ఎప్పుడూ మనుషుల వెనకే నడుస్తుంటాయి.

ఇప్పుడు మీవారి మాట దగ్గరికి వస్తాను. "మనకింక ఏడాదే ఉంది" అన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. ఏ ఏడాది? ఎవరు పెట్టిన గడువు అది?

గుకేశ్ గ్రాండ్‌మాస్టర్ అయింది 2019 జనవరిలో, పన్నెండేళ్ళ ఏడు నెలల పదిహేడు రోజులకి. అప్పటికి ప్రపంచంలో అతి చిన్న వయసు రికార్డు 2002 నుంచి కర్యాకిన్ పేరు మీద ఉంది, సరిగ్గా పన్నెండేళ్ళ ఏడు నెలలు. పదిహేడు రోజుల తేడాతో ఆ రికార్డు గుకేశ్‌కి తప్పిపోయింది. దాదాపు ఆరేళ్ళ తర్వాత, 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో అప్పటి చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ని ఓడించి పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆ పదిహేడు రోజుల సంగతి ఎవరికైనా గుర్తుందా? రికార్డు పట్టుకున్న కర్యాకిన్ గొప్ప ఆటగాడే, 2016లో ప్రపంచ టైటిల్ మ్యాచ్ దాకా వెళ్ళి అప్పటి చాంపియన్ కార్ల్‌సన్ చేతిలో టైబ్రేక్‌లో, అంటే మ్యాచ్ సమమయ్యాక తేల్చడానికి ఆడించే పొట్టి ఆటల్లో, ఓడాడు, కిరీటం మాత్రం దక్కలేదు. ఆ కార్ల్‌సన్ గ్రాండ్‌మాస్టర్ అయింది పదమూడేళ్ళకి. డింగ్ లిరెన్ పదహారేళ్ళకి అయ్యాడు, ప్రపంచ చాంపియన్ అయ్యేసరికి ముప్ఫై వచ్చాయి. ఆనంద్ 1988లో గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి పద్దెనిమిదేళ్ళు, తర్వాత ఐదుసార్లు ప్రపంచ చాంపియన్. మన అర్జున్ ఇరిగేశి అయితే ప్రజ్ఞానంద, గుకేశ్‌ల కంటే వయసులో పెద్దవాడు, గ్రాండ్‌మాస్టర్ హోదా దాదాపు పదిహేనేళ్ళకి గానీ రాలేదు, 2024 చివర్లో 2800 రేటింగ్ దాటినవాడు అతనే. ఇప్పుడున్న రికార్డు, పన్నెండేళ్ళ నాలుగు నెలల ఇరవై ఐదు రోజులు, 2021లో అభిమన్యు మిశ్రా పెట్టాడు. ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి, పన్నెండేళ్ళ గడువు ఎక్కడైనా కనిపిస్తుందేమో. మీవారికి కూడా ఇదే చూపించండి, వాదించకుండా చూపించండి.

చిన్నవయసు రికార్డులు మనల్ని ఎందుకు అంత లాగుతాయో నాకు తెలుసు. పుట్టినరోజు అందరికీ ఉంటుంది, లెక్క తేలిక, మన పిల్లవాడి వయసు పక్కన పెట్టి తీసివేత చేసుకోవచ్చు. వాడి ఏనుగుల ఆట ఎంత మెరుగైందో కొలవాలంటే మనకూ కాస్త ఆట తెలియాలి, పక్కన కూర్చోవాలి, ఓపిక కావాలి. అందుకే పెద్దవాళ్ళం అంకె పట్టుకుంటాం. నేనూ కొత్తలో అదే చేశాను, రేటింగ్ పెరిగిన పిల్లల్ని అందరి ముందూ మెచ్చుకునేవాణ్ణి, పడిపోయిన పిల్లలు వెనక వరసలో చూస్తూ ఉండేవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు ఆట మానేశారు. ఇద్దరికీ మంచి బుర్ర. ఈ రోజుకీ ఆ తప్పు నాదే అనుకుంటాను.

గుకేశ్ పేరు ఎత్తారు కాబట్టి అతని ఓటముల గురించి కూడా ఇంట్లో మాట్లాడుకోండి. సింగపూర్ మ్యాచ్‌లో మొదటి ఆటే ఓడిపోయాడు, అదీ తెల్ల పావులతో. మూడో ఆటలో సరిచేశాడు. 11వ ఆట గెలిచి ముందుకు వెళ్ళి, 12వ ఆటలో చిత్తుగా ఓడాడు. 14వ ఆటలో తేలింది. దానికి ముందు టొరంటోలో, చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ, ఏడో రౌండ్‌లో ఫిరూజా చేతిలో ఓడాడు, అదీ సమయం కొరతలో. ఆ ఓటమి తర్వాత వచ్చిన విశ్రాంతి రోజునే తనకు మంచి ఊపు వచ్చిందని తర్వాత తనే చెప్పాడు. టోర్నీ గెలిచాడు. ప్రపంచ చాంపియన్ అయ్యాక మాత్రం? 2025 గ్రాండ్ స్విస్ టోర్నీలో వరసగా మూడు ఆటలు ఓడాడు, అందులో ఒకటి పదహారేళ్ళ అభిమన్యు మిశ్రా చేతిలో. కిరీటం ఉన్నవాడికే ఇలా జరుగుతుంటే పదకొండేళ్ళవాడి ఎనిమిది నెలల గురించి మనం కంగారు పడటం ఏమిటి? ఇది మీవాడికి కథలా చెప్పండి, నీతిలా చెప్పకండి. ఆ ఆటలు బోర్డు మీద పెట్టి చూపిస్తే ఇంకా మంచిది, చాంపియన్ ఎక్కడ తడబడ్డాడో వాడే వెతుక్కుంటాడు, పిల్లలకు అది భలే ఇష్టం.

బడి మాట. మాన్పించకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

గుకేశ్ తల్లిదండ్రులు తీసుకున్న నిర్ణయం వాళ్ళది. వాళ్ళ నాన్నగారు చెవి ముక్కు గొంతు సర్జన్, కొడుకుతో టోర్నీలు తిరగడానికి తన ప్రాక్టీసు పక్కన పెట్టారు, అమ్మ ఉద్యోగంతో ఇల్లు నడిచింది. వాళ్ళు ఎంత మోశారో వాళ్ళకే తెలుసు, నాకు ఆ కుటుంబం అంటే ఎంతో గౌరవం. కానీ మనదాకా వచ్చేది గెలిచిన ఇంటి కథ ఒక్కటే. అదే ధైర్యం చేసి, బడి మాన్పించి, పదిహేనో ఏట 2000 దగ్గర ఆగిపోయిన పిల్లల ఇళ్ళ కథలు ఎవరూ రాయరు, ఆ పిల్లలు ఎక్కడున్నారో కూడా మనకి తెలియదు. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగ్, దానితోపాటు గట్టి ఆటగాళ్ళ మధ్య నార్మ్‌లు, అంటే టోర్నీలో ఆ స్థాయి ఫలితాలు కావాలి, ప్రపంచం మొత్తం మీద ఇప్పటిదాకా ఆ హోదా అందుకున్నవాళ్ళు సుమారు రెండు వేల మంది. మీవాడు అక్కడికి వెళ్ళలేడని నేను అనడం లేదు. వెళ్ళే దారిలో వాడికి ఇంకో ప్రపంచం ఉండాలి అంటున్నాను. ఇప్పుడు వాడు రౌండ్ ఓడితే సోమవారం బడికి వెళ్తాడు, అక్కడ స్నేహితులకు వాడి రేటింగ్ తెలియదు, క్రికెట్‌లో వాడికి బ్యాటింగ్ ఎప్పుడొస్తుందన్నదే వాళ్ళ గొడవ. ఆ సోమవారం వాడికి మందు లాంటిది. బడి తీసేస్తే ఓటమికి ఇక వారంలో ఏడు రోజులూ వాడే దొరుకుతాడు. ఇప్పటికే రౌండ్ ముందు కడుపు తిప్పుతున్న పిల్లవాడి మీద "నీ కోసం బడి కూడా మాన్పించాం" అన్న బరువు కూడా పెట్టడం న్యాయం కాదు. అంతగా కావాలంటే పెద్ద టోర్నీ ముందు వారం పది రోజులు సెలవు పెట్టించండి, బడివాళ్ళతో ముందే మాట్లాడుకోండి. చాలామంది మంచి ఆటగాళ్ళు అలాగే నెట్టుకొచ్చారు.

వాంతుల సంగతి నేను తేలిగ్గా తీసుకోను. ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి, కడుపులో ఇంకేదైనా ఉందేమో తేల్చుకోవాలి. ఏమీ లేదంటే అది టెన్షనే. అప్పుడు పిల్లల మనసు గురించి తెలిసిన కౌన్సెలర్‌ని కలవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గుకేశ్ ప్రపంచ మ్యాచ్‌కి సిద్ధమైనప్పుడు ప్యాడీ అప్టన్ అనే మానసిక శిక్షకుడి సాయం తీసుకున్నాడు. డింగ్ లిరెన్ చాంపియన్ అయ్యాక డిప్రెషన్‌తో బాధపడ్డానని అందరి ముందూ చెప్పాడు, కొంతకాలం ఆటకి దూరంగా ఉన్నాడు. పెద్దవాళ్ళు దాచుకోని దాన్ని పిల్లవాడితో దాయించడం దేనికి? "ఆ, అందరికీ ఉంటుందిలే, తట్టుకోవాలి" అని మాత్రం అనకండి, ఆ మాట విన్న పిల్లవాడు తట్టుకోవడం నేర్చుకోడు, చెప్పడం మానేస్తాడు.

రెండు నెలలు రేటింగ్ టోర్నీలు ఆపేయండి. ఇప్పటికే పేరు ఇచ్చిన టోర్నీ ఏదైనా ఉంటే వాడినే అడగండి, వద్దంటే వెనక్కి తీసుకోండి, కట్టిన ఎంట్రీ ఫీజు పోతే పోయింది. ఈ రెండు నెలలూ రోజుకి గంట, గంటన్నర చాలు. అందులో సగం ఏనుగుల ఆటలు, బంట్ల ఆటలు. రాజు బంటుకి ముందుండాలా వెనకుండాలా, ఎదురు రాజుకి ఎదురుగా నిలబడి దారి ఎప్పుడు మూసేయాలి, ఒక బంటు తక్కువైనప్పుడు ఏనుగుతో ఆరో అడ్డు వరసలో కాపలా కాసి డ్రా ఎలా చేయాలి, ఇలాంటివి. వినడానికి చప్పగా ఉంటాయి. కానీ ఇవి చేతికి వచ్చిన పిల్లవాడికి ఆట పొడుగెక్కుతుంటే భయం వేయదు, ఎందుకంటే చివర్లో ఏముందో వాడికి తెలుసు. మీవాడి అసలు జబ్బుకి ఇదే మందని నా నమ్మకం, ఓపెనింగ్ కోర్సులు ఇంకో పది కొన్నా ఇది రాదు.

మిగతా సగం సొంత ఆటలు. ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి: ఇంజిన్, అంటే ఎత్తుల తప్పొప్పులు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్, ఆఖర్న. ఓడి ఇంటికి రాగానే ఫోన్‌లో ఆట ఎక్కించి ఎర్ర గుర్తు ఎక్కడుందో చూసుకుని మూసేయడం ఇప్పటి పిల్లలందరికీ అలవాటైపోయింది. తప్పు ఏ ఎత్తులో ఉందో ఇంజిన్ చెబుతుంది, ఆ క్షణాన పిల్లవాడు ఏమనుకున్నాడో దానికి తెలియదు. గుకేశ్ చిన్నప్పటి కోచ్ విష్ణు ప్రసన్న చాలా ఏళ్ళు అతన్ని ఇంజిన్ జోలికి పోనివ్వలేదు, గ్రాండ్‌మాస్టర్ స్థాయి దాకా లెక్కంతా సొంత బుర్రతోనే చేయించాడు. మీవాడికి కూడా ముందు బోర్డు, పెన్సిల్, స్కోర్‌షీట్ ఇవ్వండి. ఏ ఎత్తు దగ్గర ఏమనుకున్నాడో పక్కన రెండు ముక్కలు రాయమనండి. "ఇక్కడ భయమేసింది" అని రాసినా సరే, అది కూడా రాయాల్సిందే. అది అయ్యాకే ఇంజిన్.

రాత్రి ఫోన్ ఆటల గురించి. లాక్కుంటే ఏడవడం సహజం, ఎందుకంటే వాడు ఆ మూడు నిమిషాల ఆటల్లో ఆడుకోవడం లేదు, పొద్దున పోయినదాన్ని వెతుక్కుంటున్నాడు. ఒకటి గెలిస్తే కాస్త ఊరట, ఓడితే ఇంకొకటి. నిద్ర పోతుంది, మర్నాటి రౌండ్ పోతుంది. అసలు ఆ 39వ ఎత్తు కూడా మూడు నిమిషాల ఆట వేసే ఎత్తే కదా, చెయ్యి అలవాటు పడిపోయింది. పగటిపూట రోజుకి నాలుగైదు ఆటలు, ఎత్తుకి కొన్ని సెకన్లు అదనంగా వచ్చేవి, ఆడనివ్వండి. ఓడిన రోజు మాత్రం అస్సలు వద్దు. ఈ నియమం ఓడని రోజున, మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, వాడితో కలిసి పెట్టుకోండి. అప్పుడైతే ఒప్పుకుంటాడు.

ఒక టోర్నీలో నేను చూసింది చెబుతాను. హాలు లోపల తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఓ తొమ్మిదేళ్ళ పాప ఆట ఓడింది. ఎదుటి అమ్మాయికి చెయ్యి కలిపింది, స్కోర్‌షీట్ మీద సంతకం చేసింది, పావులన్నీ మళ్ళీ వాటి గడుల్లో సర్దింది. రాజుని పెట్టేటప్పుడు మాత్రం కాస్త ఆగింది. నడిచి తలుపు దాకా వచ్చింది, తీయలేదు. చొక్కా చేతితో మొహం తుడుచుకుంది. రెండుసార్లు తుడుచుకుంది. ఊపిరి గట్టిగా తీసుకుని అప్పుడు తలుపు తోసింది. బయట పాతికమంది తల్లిదండ్రులు, అందరి కళ్ళూ ఆ తలుపు మీదే, వాళ్ళ నాన్న కనుబొమలు పైకెత్తి చూపుతోనే "ఏమైంది?" అన్నాడు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, చెడ్డవాడూ కాదు, పొద్దున్నుంచీ ఎండలో నిలబడి ఉన్నాడు పాపం. కానీ ఆ పిల్ల ఆటంతా ఆ కనుబొమల కోసమే ఆడిందని నాకు ఆ రోజు అర్థమైంది.

మీరు, మీవారు ఆ తలుపు ముందు నిలబడకండి. కాస్త దూరంగా కూర్చోండి, వాడే వెతుక్కుంటూ రావాలి. వచ్చాక ఫలితం అడగకండి, మొహం చూస్తే ఎలాగూ తెలుస్తుంది. ముందు నీళ్ళు, తిండి, కాస్త నడక. ఎప్పుడో వాడే మొదలుపెడతాడు, "అక్కడ గుర్రం తీయాల్సింది" అంటూ. అప్పుడు వినండి, మీకు ఆట రాకపోయినా వినండి. అడగాలనిపిస్తే ఒక్కటే అడగండి, "ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించావు?" అని. దానికి గెలిచినవాడికీ ఓడినవాడికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మీవారితో మాట్లాడేటప్పుడు ఆయన్ని తప్పుపడుతూ మొదలుపెట్టకండి. ఉత్తరం చదివితే ఆయనకీ మీ భయమే ఉందనిపించింది, మీరు మనసులో దాచుకున్నారు, ఆయనలో అది తొందరపాటుగా మారింది. ఈ ఆట కోసం ఆయన సెలవులు పెట్టి ఉంటారు, డబ్బు పెట్టి ఉంటారు, చుట్టాల ముందు గొప్పగా చెప్పి ఉంటారు, ఇప్పుడు వెనక్కి తగ్గడం కష్టంగా ఉంటుంది. ఆ రెండు స్కోర్‌షీట్లూ ఆయన ముందు పెట్టి 47, 47 చూపించండి. ఆట తెలిసిన తండ్రికి ఆ రెండు అంకెలు చాలు.

ఇంకొకటి, మీరు అడగలేదు, అయినా చెబుతాను. చెల్లెలి సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. అన్న పెట్టే పజిల్స్ ఆ పాప విప్పుతోందా? వయసెంత? ఆట ఇష్టమేనా? 2025లో జార్జియాలోని బటుమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కి వచ్చిన ఇద్దరినీ గుర్తు చేసుకోండి. ఒకవైపు పంతొమ్మిదేళ్ళ దివ్య దేశ్‌ముఖ్, ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కూడా లేకుండా ఆ టోర్నీకి వచ్చిన అమ్మాయి, టైబ్రేక్‌లో గెలిచి కప్పుతోపాటు నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయింది. మరోవైపు ముప్ఫై ఎనిమిదేళ్ళ కోనేరు హంపి, 2002లోనే పదిహేనేళ్ళకి గ్రాండ్‌మాస్టర్ అయిన మనిషి, పాప పుట్టాక ఆటకి విరామం ఇచ్చి, తిరిగొచ్చి 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ఎప్పుడు మొదలైన ఆట, ఎక్కడిదాకా వచ్చింది చూడండి. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, బోర్డుకి రెండు వైపులున్నాయి. పాపని అన్న సాధనకి తోడుగా మాత్రమే చూడకండి.

పిల్లవాడికి ఆట ఇంకా ఇష్టమేనా అని మీకు అనుమానం రావచ్చు. వాడినే సూటిగా అడిగితే మీకు కావాల్సిన జవాబే చెబుతాడు, పదకొండేళ్ళకి పిల్లలకు అమ్మానాన్నల మనసు బాగా తెలుసు. ఎవరూ చెప్పకుండానే చెల్లెలి ముందు పావులు సర్దుతున్నాడు చూశారా, నేను నమ్మేది అదే. ఆ పావులకి రేటింగ్ లేదు, అక్కడ వాడికి కడుపు తిప్పడం లేదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఆ 38వ ఎత్తు తర్వాత ఉన్న పొజిషన్ బోర్డు మీద పెట్టించండి. వాడు తెల్లవైపు, చెల్లెలు నల్లవైపు. గడియారంలో వాడికి సరిగ్గా 47 నిమిషాలు పెట్టండి, పాపకి ఎంత కావాలంటే అంత. 39వ ఎత్తుగా ఈసారి ఏం వేస్తావో ముందు కాగితం మీద రాసి, తర్వాత చేత్తో వేయమనండి. ఏనుగులు మారుస్తాడో మార్చడో మీరు పక్కనుంచి చెప్పొద్దు, మీవారినీ చెప్పనివ్వొద్దు. ఆట ఎటు తేలినా ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపించండి, నిమిషాలు రాయడం మర్చిపోవద్దని మాత్రం వాడికి చెప్పండి.